కట్ చెప్పాక

బెల్‌ఫోర్ట్ పిక్చర్స్ వెనక మేడమీద, కటింగ్ రూములో, తలుపు గడియ వేసుకుని ఏడుస్తున్న వాండా గొర్స్కి దగ్గర ఆగాం కదా. ఏడవక ఏం చేస్తుంది పాపం! దొంగనోట్ల ముఠా మీద నిర్మాత హాస్కెట్ గారు చవగ్గా చుట్టేస్తున్న పిక్చరుకి ఆమె అసిస్టెంటు ఎడిటరు. అసలు ఎడిటరు మధ్యాహ్నానికే సీసాతో కూర్చుంటాడు కాబట్టి పనంతా ఆమెదే. పొద్దున వచ్చిన రష్‌లో, అంటే నిన్న తీసిన షాట్ల తొలి ప్రింటులో, ఒక చెయ్యి పెట్టె తెరిచి నోట్లకట్ట తీసే షాటు ఉంది. సినిమా పెట్టెల్లో పెట్టేవి చెల్లని పాత మెక్సికో నోట్లు. డాలరు నోటుని కెమెరాతో తీయడమే నేరం మరి. అలాంటిది ఆ షాటులో పెట్టె నిండా ఇరవై డాలర్ల నోట్లే. భూతద్దం పెట్టి చూస్తే, పక్కపక్కనున్న నోట్లన్నిటి మీదా ఒకటే నంబరు. అంటే అసలు దొంగనోట్లు, దొంగనోట్ల పిక్చర్లోకి వచ్చి కూర్చున్నాయి. ఆ పెట్టెలకి కాపలా వాండా తమ్ముడు యానెక్. వాడేమో పొద్దుట్నించీ అజాపజా లేడు.

ఏడుపు ఆగాక వాండా ముక్కు చీదుకుని, కుర్చీ లాక్కుని, ఫిలిం నడిపి చూసే మూవియోలా మిషను ముందు కూర్చుంది. ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆ షాటుని పిక్చర్లోంచి కోసి పారేస్తుంది. భోజనాలయ్యాక హాస్కెట్ గారూ, ఖజానా శాఖ నుంచి వచ్చిన క్రోవెల్ గారూ కలిసి రీలు చూస్తారు. ఆ లోపల అది మాయమైపోవాలి. తప్పని తెలుసు. తెలిస్తే మాత్రం? టైర్లకి రేషనున్న రోజుల్లో యానెక్ టైర్లు దొంగిలించి ఆరు నెలలు లోపలుండి వచ్చాడు. తర్వాత ఇటలీలో యుద్ధం చేసి పతకం తెచ్చుకున్నాడు గానీ, పతకం ఎవరికి గుర్తుంటుంది! పోలీసులకి టైర్లే గుర్తుంటాయి. షికాగోలో ఉన్న అమ్మ, కొడుకు సినిమాల్లో మేనేజరని వాడకట్టంతా చెప్పుకుంటోంది.

కొయ్యబోయే ముందు ఎక్కణ్ణించి కొయ్యాలో చూసుకోవాలి. అది చేతికి అలవాటైపోయిన పని. వాండా కాలు మిషను పెడలు మీద పడింది. అరచేతంత తెరమీద షాటు నడిచింది.

నల్లకోటు చెయ్యి, వేలికి హీరో ఉంగరం. చెయ్యి మాత్రం హీరోది కాదు. ఆయన గంటల లెక్కన పుచ్చుకునే మనిషి. ఇలాంటి చేతుల షాట్లకి ఆయన్ని ఆపాలంటే హాస్కెట్ గారి ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని హీరో ఇంటికెళ్ళాక ఆయన కోటూ, ఉంగరం దగ్గర్లో ఎవడు ఖాళీగా ఉంటే వాడికి తొడిగి పని కానిచ్చేస్తారు. ఓసారి పెయింటరుకి తొడిగారు. ఓసారి క్యాంటీనులో గిన్నెలు తోమేవాడికి తొడిగారు. ఈసారి ఎవరికి తొడిగారో వాండాకి తెలీదు. ఆమె ఈ గదిలోంచి దిగి సెట్టు ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

చెయ్యి పెట్టె మూత ఎత్తింది. ఎత్తి ఆగిపోయింది.

వాండా ఫిలిం వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి నడిపింది. మళ్ళీ వెనక్కి. పొద్దున నోట్లనే చూసి గుండె జారిపోయింది కాబట్టి చేతిని చూడనేలేదు. ఇప్పుడు చూస్తోంది. మూత లేవగానే ఆ వేళ్ళు చప్పున ముడుచుకున్నాయి. చిటికెనవేలు మాత్రం ముడుచుకోలేదు. అది కొసన లోపలికి వంకర తిరిగి ఉంది, ఎముక ఎప్పుడో విరిగి సరిగ్గా అతకనట్టు.

మెక్సికో కాయితాలు ఉంటాయనుకున్న చోట డాలర్లు కనిపిస్తే ఎవడైనా ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడి, ఇదేమిట్రోయ్ అని నలుగుర్నీ పిలుస్తాడు. ఈ చెయ్యి పిలవలేదు. తమాయించుకుని, నెమ్మదిగా ఒక కట్ట తీసి, బొటనవేలితో దానిమీది నంబరు కప్పేసింది. ఎంత తెలివి! పెట్టెలో మిగిలిన కట్టల్ని ఏ వేలితో కప్పుతుంది?

ఈ చేతికి ఆ నోట్లు ముందే తెలుసు.

డైరెక్టరు కట్ అన్నంత మాత్రాన కెమెరా ఠక్కున ఆగదు. ఇంకో మూరో, బారో ఫిలిం తిరుగుతుంది. ఆ తోకని జనం చూడరు. డైరెక్టరు పట్టించుకోడు. కోసి చెత్తబుట్టలో వేసేవాళ్ళే దాన్ని చూస్తారు. వాండా తోకలోకి వెళ్ళింది. తెరలోకి పక్కనించి యానెక్ తల వచ్చింది. చూయింగ్ గమ్ నములుతూ, పళ్ళికిలిస్తూ, పెట్టెలోంచి ఒక కట్ట లాగి విసనకర్రలా విసురుకున్నాడు. కోటీశ్వరుణ్ణి అనుకరిస్తున్నాడు వెధవ! అంతలో ఆ నల్లకోటు చెయ్యి కట్టని లాక్కుని, పెట్టెలో పడేసి, మూత ధడాలున మూసింది. యానెక్ వేళ్ళు మూత కింద నలిగాయి. వాడు నోరు తెరిచి అరిచాడు. ఫిలిం అయిపోయింది.

నిన్న వాడి వేళ్ళకి కట్టు చూసి, ఏమైందిరా అంటే, "పెట్టె మూత పడిందక్కా, మొద్దుపని," అన్నాడు. వాండాకి మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే ఏడుపు. దొంగనోట్లని తెలిసినవాడెవడూ కెమెరా ముందు వాటితో విసురుకోడు. తమ్ముడికి ఏ పాపం తెలీదు. పెట్టె తారుమారైందంతే. సెట్టు సామాన్లు దాచే ప్రాపర్టీ గదిలో ఒకేలాంటి పెట్టెలు దొంతర్లుగా ఉంటాయి. ఉత్తుత్తి డబ్బు ఉండే చోట ఎవరూ వెతకరని ఏ పెద్దమనిషో తన సరుకు అక్కడ దాచాడు. యానెక్ హడావిడిలో ఆ పెట్టె తెచ్చి ఇచ్చాడు.

ఇప్పుడీ ముక్కని పారేస్తే తమ్ముణ్ణి పారేసినట్టే. వాండా కత్తెర తీసి, షాటుని తోకతో సహా కోసి, చిన్న చుట్ట చుట్టి, గౌను జేబులో వేసుకుంది. తిన్నగా క్రోవెల్ గారి దగ్గరికి పోవాలి. చట్టం మనిషి, నెమ్మదస్తుడు, చూపిస్తే ఆయనే అర్థం చేసుకుంటాడు.

అప్పుడే తలుపు మీద ఎవరో తట్టారు.

"ఎవరూ?"

"నేనమ్మా, క్రోవెల్‌ని."

దేవుడే పంపాడనుకుంది. గబగబా శిలువ గుర్తు వేసుకుని గడియ తీసింది. క్రోవెల్ రెండు కాయితం కప్పుల్లో కాఫీ పట్టుకుని వచ్చాడు. బూడిదరంగు టోపీ, మెత్తటి గొంతు. ఎండగాలికి లాస్ ఏంజిలిస్ మొత్తం చొక్కాలు విప్పేసుకుంటుంటే ఆయన మాత్రం కోటు గుండీలు పెట్టుకునే ఉన్నాడు. పిక్చరు మొదలైన కొత్తల్లో తనంతట తనే వచ్చి, దొంగనోట్ల మీద సినిమా కాబట్టి చట్టం తప్పకుండా చూడమని పంపారన్నాడు. అప్పట్నించీ సెట్టులో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

"భోజనానికి రాలేదేం? అందరూ అడుగుతున్నారు," అంటూ కప్పు అందించాడు. "అరే, కళ్ళు అలా ఉబ్బాయేంటి?"

"అయ్యా, మీ దగ్గరికే వస్తున్నానండీ. ఘోరం జరిగిపోయింది."

"కూర్చో. ముందు ఊపిరి పీల్చుకో."

వాండా కూర్చుంది. కట్టలు తెగినట్టు చెప్పేసింది. నోట్లూ, నంబర్లూ, పెట్టె తారుమారవడం, అంతా. వింటున్నంతసేపూ ఆయన కాఫీ తాగలేదు.

"మా తమ్ముడికి ఏమీ తెలీదండీ. ఫిలిం తోకలో చూస్తే మీకే తెలుస్తుంది. వాడు..."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"హాస్కెట్‌కి?"

"ఎవరికీ చెప్పలేదండీ. మీకే మొదట."

"మంచిపని చేశావు," అన్నాడు క్రోవెల్. నిజంగా సంతోషించినట్టే కనిపించాడు. "ఏదీ, ఆ ముక్క ఇలా ఇవ్వు."

చెయ్యి చాపాడు.

వాండా జేబులో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన చాపిన అరచేతిలో చిటికెనవేలు మిగతా వేళ్ళతో కలవడం లేదు. కొసన లోపలికి వంకర తిరిగి ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతసేపూ పులి నోట్లో తలపెట్టి కష్టసుఖాలు చెప్పుకుంది! లోపల ఇంత గోల జరుగుతున్నా ముఖం మాత్రం మామూలుగా ఉంచాలి. అదొక్కటే ఆమెకి తోచింది.

"అయ్యో, ఇక్కడ లేదండీ," అంది. జేబులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకుంది. "ఆ ఫిలిం ముక్కల బుట్టలో ఎక్కడో వేలాడేశాను. వెతికి తెచ్చిస్తాను. మీరు వెళ్ళి భోంచెయ్యండి."

"నేను వెతకనా?"

"మీకెందుకండీ శ్రమ."

"తోకలో ఏదో ఉందన్నావు."

"ఏం లేదండీ. వాడు నవ్వుతుంటాడంతే."

"చెయ్యి చూశావా? పెట్టె తెరిచిన చెయ్యి?"

"హీరోది కదండీ," అంది వాండా.

అనగానే తెలిసింది, కొంప మునిగిందని. క్రోవెల్ చిన్నగా నవ్వాడు.

"నువ్వు ఎడిటింగు పని చేస్తూ ఆ మాటంటే ఎలాగమ్మా? హాస్కెట్ పిసినారితనం గేటు కాడ కుక్కక్కూడా తెలుసు. హీరోని ఓవర్‌టైముకి ఆపుతాడా ఆయన?" అని లేచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. తిరిగొచ్చి ఆమె బల్లమీద, దీపం వెలుగులో, తన చెయ్యి బోర్లా పరిచాడు. "చూడు. దాచుకోవడమెందుకు. చిన్నప్పుడు పాలబండి చక్రం కింద పడింది. నల్లకోటుతో నేనే కనిపించాను మీ డైరెక్టరుకి. రండి సార్, ఒక్క నిమిషం అన్నాడు. కాదంటే అందరూ అదోలా చూస్తారు. సరేనన్నాను. మూత తీద్దును గదా, నా సరుకే! నీ తమ్ముడికి ఎన్ని పెట్టెలున్నాయమ్మా ఆ గదిలో? నాదే దొరికిందా వాడికి?"

"అయ్యా, మీరు సర్కారు మనిషి..."

"నేనా?" క్రోవెల్ కోటు లోపలినించి తోలు మడత తీసి, ఇత్తడి బిళ్ళ చూపించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "ఇది చూపించాను. మీ హాస్కెట్, ఫీజెంత అనడిగాడు. ఏమీ లేదన్నాను. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కాఫీ కూడా ఇప్పించాడు."

నోట్లే కాదు, మనిషే దొంగ. గేట్లో సలాము కొట్టించుకుంటూ, సినిమా సామాన్ల లారీల్లో సరుకు పంపించుకుంటున్నాడు. ఇదంతా తెలుసుకున్నవాళ్ళు ఊళ్ళో తనొక్కతే. తలుపుకి గడియ.

వాండా అరవాలని నోరు తెరిచింది. క్రోవెల్ జేబులోంచి సిగరెట్టు లైటరు తీశాడు. వెలిగించలేదు. మూత తీసి, ఫిలిం ముక్కలు వేలాడదీసిన గుడ్డబుట్ట మీద ఊరికే పట్టుకున్నాడు.

కటింగ్ రూములో నిప్పు పేరు కూడా ఎత్తరు. ఎంత తాగుబోతు ఎడిటరైనా సిగరెట్లు మెట్ల కింద పెట్టి పైకొస్తాడు. ఈ ఫిలిం అంటుకుంటే నీళ్ళలో ముంచినా మండుతుంది. కిందటేడు పక్కవీధి కంపెనీలో అంటుకుంటే, లోపలున్న అమ్మాయి తలుపు దాకా కూడా రాలేకపోయింది. ఆ అమ్మాయితో వాండా ఆదివారం ప్రార్థనకి వెళ్ళేది.

"ఇక్కడ వద్దండీ," అంది.

"తెలుసమ్మా. అందుకే తీశాను."

సరిగ్గా అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు మీద దబదబా బాదుడు. హాస్కెట్ గొంతు.

"వాండా! రీలు తయారా? రెండున్నరకే చూసేద్దాం. మూడు దాటితే ఆపరేటరుకి ఇంకో పూట జీతం పొయ్యాలి!"

తలుపుకి ఇవతల ఒకడు, అవతల ఒకడు. ఒక్క కేక చాలు. క్రోవెల్ బొటనవేలు లైటరు చక్రం మీదికి వచ్చింది. వాండాకి ఆ చక్రం తప్ప ఇంకేదీ కనిపించడం లేదు.

"తయారేనండీ," అంది.

"గొంతేంటి అలా ఉంది? జలుబా? నాకంటించకు. తలుపెందుకు వేసుకున్నావు?"

"నేనున్నాను హాస్కెట్ గారూ," అన్నాడు క్రోవెల్ హాయిగా. "కొన్ని షాట్ల గురించి అమ్మాయితో మాట్లాడుతున్నాను. చట్టం సంగతి."

"ఓహో! మన సర్కారు వారా!" హాస్కెట్ గొంతు వెంటనే తేనె అయిపోయింది. "కానివ్వండి, కానివ్వండి. వాండా, ఆయన ఏం కొయ్యమంటే అది కొయ్యి. ఎదురు చెప్పకు. ఇలాంటి పెద్దమనిషి ఊరికే దొరకడు!"

బూట్లు మెట్లు దిగిపోయాయి. హాస్కెట్ ఈలపాట కాసేపు వినిపించి ఆగిపోయింది. వాండా జీవితంలో ఆయన్ని ఎన్నోసార్లు తిట్టుకుంది గానీ, అప్పుడు తిట్టుకున్నట్టు ఎప్పుడూ తిట్టుకోలేదు.

"విన్నావుగా. జేబులోది ఇవ్వు," అన్నాడు క్రోవెల్. "రుమాలుతో పాటు అంచు కనిపించింది."

ఇచ్చింది. ఏం చేస్తుంది? ఆయన చుట్ట విప్పి వెలుతురుకి పట్టి చూశాడు. తోక దాకా చూశాడు. యానెక్ అరుస్తున్న చోట కొంచెంసేపు ఆగి, చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

"ఇది ప్రింటు. నెగెటివ్ ఏది?"

"ల్యాబులో ఉంటుంది. వీధి చివర."

"అక్కడ నా మనిషి కూర్చున్నాడు, గళ్ళకోటువాడు. పొద్దుట్నించీ. ఎడిటింగు రూము మాట లేనిదే ఇవ్వనంటోందట ముసలావిడ. ఫోన్ చెయ్యి. ఆ నెగెటివ్ వాడికివ్వమని చెప్పు. అయిపోతుంది. నువ్వు నీ పని చేసుకో, నీ తమ్ముడు వాడి పని చేసుకుంటాడు. నేను రేపట్నించీ కనిపించను."

ఎంత బాగా చెప్పాడు! ఒక్క క్షణం వాండా మనసు ఆ మాటని నమ్మడానికి పరుగెత్తింది. ఇచ్చేస్తే పోలా? నెగెటివ్ పోతే యానెక్ నిర్దోషి అనడానికి ఆధారం పోతుంది. పోతే పోనీ, మనుషులు మిగులుతారు కదా. కానీ మిగులుతారా? పాలబండి దగ్గర్నించీ ఇత్తడి బిళ్ళ దాకా అంతా విప్పి చెప్పాడు. వదిలెయ్యబోయేవాళ్ళకి ఎవరూ ఇంత వివరంగా చెప్పరు.

అయినా ఫోన్ ఎత్తింది. నంబరు ఒకసారి తప్పింది. క్రోవెల్ ఓపిగ్గా ఆగాడు. రెండోసారి కలిసింది. ఆయన ఆమె చెంపకి చెంప ఆనేంత దగ్గరగా వచ్చి, ఫోన్లో మాటలు తనకీ వినపడేలా వంగాడు. లైటరు మాత్రం బుట్ట మీదే ఉంది.

"ల్యాబ్!" అంది అవతల ఇడా. ఆ నెగెటివ్‌ల అలమర్లకి ఆమే మహారాణి. ఆమె నోటికి డైరెక్టర్లు కూడా జడుస్తారు.

"ఇడా గారూ, నేను వాండానండీ. నిన్నటి షాటు, పెట్టె తెరిచేది, దాని నెగెటివ్..."

"వచ్చావా తల్లీ! ఇవాళ అందరికీ ఆ ముక్క మీదే పడింది కన్ను. ఇక్కడొక గళ్ళకోటాయన బల్లకి అతుక్కుపోయాడు. చీటీ లేదు, పాడూ లేదు, ఇవ్వమంటాడు. ఇప్పుడు మీవాడొచ్చి నా ప్రాణం తీస్తున్నాడు. మీ అక్క చెప్తేగాని ఇవ్వనంటే, పక్కన కుక్కపిల్లలా నిలబడ్డాడు. జాలేసి ఇప్పుడే చేతిలో పెట్టాను. ఇదిగో, వాడితోనే మాట్లాడు."

"వద్దు, ఇడా గారూ..."

"అక్కా!"

యానెక్ గొంతు. పొద్దుట్నించీ ఎక్కడున్నాడో, ఏమయ్యాడో అని ఆమె కుమిలిపోయింది ఈ గొంతు కోసమే.

"అక్కా, నేను తప్పు పెట్టె ఇచ్చాను," వాడు రహస్యంగా, గబగబా చెప్తున్నాడు. "పొద్దున వెళ్ళి చూశాను. అలాంటివి ఇంకా ఉన్నాయి మన ప్రాపర్టీ గదిలో. నాకు భయమేసి బీచి దాకా నడిచిపోయాను. పారిపోదామనే అనుకున్నానక్కా, నిజం. మళ్ళీ అమ్మ గుర్తొచ్చింది. నెగెటివ్ పట్టుకుని తిన్నగా పోలీసుల దగ్గరికే పోతున్నా. నువ్వు కూడా రా. క్రోవెల్ గారికి కూడా చెబుదామా?"

క్రోవెల్ ఊపిరి ఆమె చెవి మీద వెచ్చగా తగిలింది. గుసగుసగా అన్నాడు: "గళ్ళకోటాయనకి ఇచ్చెయ్యమని చెప్పు. నవ్వుతూ చెప్పు."

"యానెక్," అంది వాండా.

"ఆఁ?"

షికాగోలో, కబేళాల వెనక ఇంట్లో, తండ్రి తాగి మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే అమ్మ పిల్లలిద్దరితో ఇంటి భాషలో ఒకటే మాట అనేది. ఆ మాట వినపడితే ఎందుకని అడక్కూడదు. బూట్లు కూడా తొడుక్కోకూడదు. వెనక కిటికీలోంచి దూకి, చీకటిపడేదాకా రాకూడదు. వాండా పెద్దయ్యాక ఆ మాట ఎప్పుడూ నోటితో పలకలేదు.

ఇప్పుడు పలికింది. అరవలేదు. అమ్మ అన్నట్టే, మెల్లగా, తొందరగా అంది.

"పారిపో."

క్రోవెల్‌కి ఆ భాష రాదు. అవసరం లేకపోయింది. ఫోన్లో కుర్చీ పడిన చప్పుడు, ఎవరో పరిగెత్తిన చప్పుడు. "ఓయ్! ఆగక్కడ!" అని మగగొంతు. ఇడా కేక. డబ్బాలు దొర్లాయి. తర్వాత ఢామ్మని ఒక్క చప్పుడు. ఆ చప్పుడు ఫోన్లోనే కాదు, వీధి చివర్నించి కిటికీలోంచి కూడా వచ్చింది.

వాండా అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలీదు. క్రోవెల్ ఆమె జుట్టు పట్టుకుని గోడకి అదిమిపెట్టి, ఫోన్ లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఏమీ లేదు. వేలాడుతున్న రిసీవరు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు, అంతే. ఆమెకి ఏడుపు రావడం లేదు. తనే అంది. తను ఆ మాట అనకపోతే వాడు కదిలేవాడు కాదు. కదలకపోతే?

చాలాసేపటికి అవతల ఎవరో ఫోన్ అందుకున్నారు. క్రోవెల్ విన్నాడు. "ముసలిదాన్ని గదిలో పెట్టి తాళం వెయ్యి," అన్నాడు. మళ్ళీ విన్నాడు. "ఎక్కడ తగిలింది?" అన్నాడు. "ఊపిరుందా?" అన్నాడు.

వాండా కళ్ళార్పకుండా ఆ ముఖాన్నే చూస్తోంది. అందులో ఏమీ కనిపించలేదు. సరుకు రైల్లో వచ్చిందా, లారీలో వచ్చిందా అని కనుక్కుంటున్న వ్యాపారి ముఖం.

క్రోవెల్ ఆమె జుట్టు వదిలేశాడు. ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"బతికే ఉన్నాడు. తొందరగా డాక్టరు వెళ్తే బతుకుతాడు కూడా. నెగెటివ్ మాత్రం వాడి దగ్గర లేదు. పరిగెడుతూ పరిగెడుతూ ల్యాబులోనే ఎక్కడో దాచాడు. నా మనిషి అడిగితే చెప్పడం లేదట," అన్నాడు. "నువ్వడుగు. నీకైతే చెప్తాడు. చెప్పగానే డాక్టర్ని పంపిస్తాను."

వాండా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఊపిరి వినిపించింది, తెగి తెగి, మధ్యలో తడిగా. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"యానెక్," అంది. "ఒరేయ్, యానెక్."

"అక్కా," అన్నాడు వాడు. "అడక్కు."